నంబరు సర్కారుది, లొట్టి గౌడన్నది

ఈత చెట్టును ఎన్నేళ్ల నుంచి గీస్తున్నారో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు. ఒక ఏడు ఈ పక్క గీస్తే మరుసటి ఏడు ఎదుటి పక్క గీస్తారు. గీసిన చోటల్లా గంటు పడి, మాను అటొక వంక ఇటొక వంక తిరుగుతూ పైకి పోతుంది. ఆ గంట్లు లెక్కబెడితే సరి. సూర్యాపేటలో మా చిన్నతనంలో చెరువు కట్ట మీద అది మాకొక ఆట. అది మా ఊరి కల్లు చరిత్ర అని, కాగితం మీదికి ఎక్కని చరిత్ర అని అప్పట్లో తెలియదు.

వేరే చోట అలాంటి చరిత్ర రేకు మీదికి ఎక్కింది. అమెరికాలో తాతల నాటి నుంచి బీరు కాచిన కుటుంబాలు తమ ఇంటిపేరును, కార్ఖానా బొమ్మను రేకు పళ్లేల మీద రంగుల్లో అచ్చేయించి దుకాణాలకు పంచేవి. 1920లో అక్కడ మద్యనిషేధం వచ్చింది. 1933లో ఎత్తేసే నాటికి ఎన్నో కుటుంబాల బట్టీలు మూతపడిపోయాయి, పళ్లేలు మాత్రం మిగిలాయి. ఇవాళ వాటిని వెతికి వెతికి కొని దాచుకునేవాళ్లున్నారు. ఒక్క పళ్లెం దొరికితే చాలు, ఆ ఇల్లు, ఆ ఊరు, ఆ కాలం ఏవో చెప్పేస్తారు.

మా దగ్గరా తరతరాలుగా కల్లు తీసిన కుటుంబాలున్నాయి. కానీ వాళ్లది ఇనుప రేకు కాదు, తాటాకు రేక. కల్లు మండువ కాడ కూచుంటే గీసే గౌడన్న పచ్చి తాటాకును మడిచి చేతికిచ్చేవాడు. రెండు చేతులా మూతి దగ్గర పట్టుకుంటే పైనుంచి కల్లు కుండ, అదే లొట్టి, వంచేవాడు. తాగడం అయ్యాక ఆకును అక్కడే పడేసి పోవడమే. దాని మీద పేరూ లేదు, బొమ్మా లేదు. మరునాటికి మేకలు మేసిపోయేవి.

మరి మంచి కల్లు ఎవరిదో ఎట్లా తెలిసేది? చెట్టు పేరును బట్టి. వంకర తాడు, బాయికాడి తాడు, జంట తాళ్లు అని ఊరూరా చెట్లకు పేర్లుండేవి. ఈ ఇంటికి ఈ గౌడన్న కల్లు పోయాలన్న వాడిక ఉండేది. పంట ఇంటికొచ్చినప్పుడు ఆ ఇంటివాళ్లు వడ్లో జొన్నలో కొలిచేవాళ్లు. పొలానికి పోయే రైతు సొరబుర్రలో నింపుకుని పోయేవాడు. కల్లు తయారీకి బీరుకు లాగా బట్టీ అక్కర్లేదు, మొలకెత్తిన గింజా అక్కర్లేదు. గీసిన చోట ఊరిన తియ్యని నీరు లొట్టిలోకి దిగుతుంటే, గాలిలోని, కుండలోని ఈస్టు దాన్ని పులియబెడుతుంది. కుండకు లోపల సున్నం పూస్తే పులవదు, నీరాగానే ఉంటుంది. పూటపూటకూ చెట్టెక్కి గీత మార్చడమే అసలు పనితనం. మోకు నడుముకూ మానుకూ చుట్టి, కాళ్లకు గుజి వేసి, ముస్తాదులో కత్తి పెట్టుకుని ఎక్కాలి. జారితే ఇంక అంతే. అందుకే చెట్టెక్కే ముందు తమ దేవుడు కాటమయ్యకు దండం పెట్టుకుంటారు.

చెట్టు మీద రాత అంటూ ఉంటే అది సర్కారుది. నిజాం ఏలుబడిలో ఆబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆసరా. గీసే చెట్టుకు నంబరు పడేది, నంబరుకు పన్ను పడేది, దుకాణాలు హర్రాజులో గుత్తేదారుకు పోయేవి. చెట్టెక్కేది గౌడన్న, లాభం గుత్తేదారుది. బయటి దేశాల బీరు కుటుంబం తన పేరు తాను అచ్చేయించుకుంటే, ఇక్కడ కల్లు తీసిన కుటుంబానికి దక్కింది అంకె ఒక్కటే.

ఆ రాబడిని దెబ్బకొట్టాలనే 1947-48లో, హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలవాలన్న ఉద్యమంలో, కల్లు చెట్లు నరకడం ఒక కార్యక్రమమైంది. నిజాం మీద కోపం న్యాయమైనదే. కానీ పడ్డ ప్రతి చెట్టూ ఒక ఇంటి పొయ్యి మీద పడ్డట్టే.

ఆ ఇళ్ల గోడు తెలిసిన మనిషి మా సూర్యాపేటలోనే పుట్టారు. బొమ్మగాని ధర్మభిక్షం 1952లో సూర్యాపేట, 1957లో నకిరేకల్, 1962లో నల్లగొండ నుంచి శాసనసభకు గెలిచారు. గీత పనివాళ్లను సంఘంగా కూడగట్టి, చెట్లు గుత్తేదారుకు కాదు, గీసేవాళ్ల సొసైటీలకే దక్కాలని పోరాడారు. 1996లో 480 మంది పోటీ చేసిన నల్లగొండ లోక్‌సభ ఎన్నికలో గెలిచింది కూడా ఆయనే.

కోదాడది ఇంకో కథ. కోదాడ దాటితే అవతల జగ్గయ్యపేట, అప్పట్లో అది మద్రాసు రాష్ట్రం. 1948 నుంచి ఆ రాష్ట్రమంతటా మద్యనిషేధం. గట్టుకు ఇవతల కల్లు కొలువు, అవతల నేరం. తర్వాత మద్రాసు నుంచి విడిపడ్డ ఆంధ్ర రాష్ట్రంలో, నిషేధం ఎత్తేయాలని రామమూర్తి కమిటీ చెప్పినా అమలు చేయలేదని 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. అక్కడ గీత కార్మికుల పక్షాన నిలిచి పోరాడిన నాయకుడు గౌతు లచ్చన్న. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమయ్యాక కూడా చాలా ఏళ్లు, ఒక వైపు చెట్టుకు పన్ను, ఇంకో వైపు చెట్టెక్కితే కేసు.

మిర్యాలగూడ వైపు చెట్టును మార్చింది చట్టం కాదు, నీళ్లు. 1967లో సాగర్ కాలువలు పారాయి. మెట్ట చేలు మాగాణి మళ్లయ్యాయి, రైసు మిల్లులు లేచాయి. మళ్లు చదును చేసేటప్పుడు ఒడ్ల మీది తాళ్లు అడ్డమని కొట్టేశారు. ఇవాళ మిర్యాలగూడ మిల్లుల బియ్యం బస్తాల మీద ఎన్ని రంగులు, ఎన్ని బొమ్మలు, ఎన్ని పేర్లు! అదే నేల మీద అంతకు ముందు తరాల తరబడి దిగిన కల్లుకు మాత్రం ఒక్క చీటీ కూడా మిగల్లేదు.

ఇటీవల కొంత కదలిక వచ్చింది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. 2024లో చెట్టు మీంచి జారినా పడిపోకుండా పట్టే కాటమయ్య రక్షణ కవచం కిట్లు పంచడం మొదలైంది. మంచిదే. కానీ ఎక్కే మనిషికి కిట్టు వచ్చినంత మాత్రాన ఎక్కిన మనుషుల చరిత్ర భద్రమైనట్టు కాదు.

రేకు పళ్లెం తుప్పు పట్టినా వందేళ్లు నిలుస్తుంది, తాటాకు రేక పూటకు వాడిపోతుంది. అందుకే మనం దాచుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అటకెక్కిన ముస్తాదు, దూలానికి వేలాడుతున్న మోకు, మూలన పడ్డ సొరబుర్ర మీ ఇంట్లో ఉంటే పాతసామాన్ల వాడికి వేయకండి. ఇంట్లో తాత ఉంటే కూచోబెట్టి, ఆయన ఎక్కిన చెట్ల పేర్లు అడిగి ఒక నోటుపుస్తకంలో రాయండి. ఏ చెట్టు ఏ ఒడ్డున ఉండేదో, ఎవరింటికి వాడికో కూడా రాయండి. నంబర్లు సర్కారు దగ్గర ఉంటే ఉండొచ్చు. పేర్లున్నది ఆయన దగ్గరే.