ఆక్సిజన్ లేని ఆక్సీకరణం

పాఠశాల రసాయన శాస్త్రంలో చర్యలను సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం అని నాలుగు రకాలుగా విభజిస్తారు. ఆక్సీకరణం, క్షయకరణం అనే జంట ఈ వరుసలో ఇమడదు. ఆక్సిజన్ చేరితే ఆక్సీకరణం, తొలగితే క్షయకరణం అని విద్యార్థి మొదట నేర్చుకుంటాడు. తరువాతి తరగతుల్లో ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణం, పొందడం క్షయకరణం అంటారు. సోడియం, క్లోరిన్ కలిసి ఉప్పుగా మారినప్పుడు సోడియం ఆక్సీకరణం చెందుతుంది. అక్కడ ఆక్సిజన్ ఊసే లేదు. ఎలక్ట్రాన్లను పొందిన క్లోరిన్‌కు జరిగినది ‘క్షయం’ ఎలా అవుతుంది? ఈ చిక్కుముడి చరిత్రలో పడింది.

మండే వస్తువులన్నిటిలో ఫ్లాజిస్టన్ అనే తత్త్వం ఉంటుందని, మండినప్పుడు అది వెలుపలికి పోతుందని 18వ శతాబ్దపు రసాయనికులు నమ్మారు. గంధకం, భాస్వరం మండితే బరువు పెరుగుతుందని 1772లో లవోయిజియే గుర్తించాడు. 1774లో ప్రీస్ట్లీ పాదరస భస్మాన్ని వేడిచేసి, దీపాన్ని మరింత ప్రకాశంగా వెలిగించే వాయువును రాబట్టాడు. కాని దానిని ఫ్లాజిస్టన్ లేని గాలిగానే భావించాడు. దహనమంటే పోవడం కాదు, ఈ వాయువు వచ్చి చేరడమని లవోయిజియే నిరూపించాడు.

గంధకం, భాస్వరం మండగా వచ్చిన పదార్థాలు నీటిలో ఆమ్లాలవుతాయి. కనుక ఆమ్లాలన్నిటికీ ఈ వాయువే మూలమని తలచి, గ్రీకు ధాతువులతో ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే అర్థంలో దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. 1787 నాటి కొత్త నామకరణ విధానంతో ఆ పేరు స్థిరపడింది. తెలుగులో ‘ఆమ్లజని’ దాని అనువాదమే. కాని క్లోరిన్ ఒక మూలకమని 1810లో డేవీ తేల్చడంతో, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని స్పష్టమైంది. సిద్ధాంతం పోయింది, పేరు నిలిచింది. ఆ పొరపాటు మన మాటలోకీ అనువాదమై వచ్చింది.

క్షయకరణానిది మరో కథ. దాని ఆంగ్ల పదానికి లాటిన్ మూలంలో అర్థం ‘వెనుకకు తేవడం’: భస్మాన్ని తిరిగి లోహంగా మార్చడం. ఆ మార్పులో బరువు తగ్గుతుంది. తెలుగు పదం తగ్గడాన్నే పట్టుకుంది, తిరిగి తేవడాన్ని వదిలేసింది. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్న తరువాత, ఆక్సిజన్ చేరినా క్లోరిన్ చేరినా లోహం ఎలక్ట్రాన్లనే కోల్పోతోందని తెలిసింది. పాత పేర్లకే కొత్త నిర్వచనాలు వచ్చాయి. ఇప్పుడు క్షయకరణంలో తగ్గేది బరువు కాదు, ఆక్సీకరణ సంఖ్య.

పాత పదాలను మార్చనక్కరలేదు. రెండు నిర్వచనాల మధ్య గడిచిన శతాబ్దాన్ని కూడా పాఠంలో చెబితే, పిల్లలు బట్టీ పట్టే మాట అర్థమయ్యే మాట అవుతుంది.