ఎముకలు గుల్లబారితే వాడే మందులు: ఏది ఎలా వాడాలి

డాక్టరు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో గబగబా చెబుతారు. మనకు ఆ భాష బాగానే వచ్చు. అయినా ఇల్లు చేరి అమ్మకో అత్తయ్యకో తెలుగులో చెప్పేసరికి "వారానికో మాత్ర" అన్న ముక్కే మిగులుతుంది. ఈ మందుల్లో మిగతా ముక్కలే ముఖ్యం కాబట్టి వివరంగా రాస్తున్నాం.

డెక్సా స్కాన్‌లో టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటారు. నిలుచున్నచోట పడితేనే తుంటి విరిగినా అదే అనుమానించాలి. కాల్షియం, విటమిన్ డి తప్పకుండా కావాలి, కానీ అవి మాత్రమే చాలవు. రాగి సంగటి తినే ఇంట్లో ఎముకలకు ఢోకా లేదనుకునేవారు మనలో చాలామంది. రాగుల్లో కాల్షియం మెండే, గుల్లబారిన ఎముకకు మాత్రం అది మందు కాదు. 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి సాధారణంగా వారానికి ఒకసారి రాస్తారు. రోజూ వేసుకుంటే ప్రమాదం.

ముందుగా రాసేది ఎక్కువగా అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర, వారానికి ఒకటి. పొద్దున్నే పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో మింగాలి. కాఫీతో, పాలతో వద్దు. తర్వాత అరగంట ఏమీ తినకూడదు, పడుకోకూడదు. నడుం వాలిస్తే మాత్ర అన్నవాహికను పుండు చేస్తుంది. కాఫీతోనో కాల్షియం మాత్రతోనో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు, ఏడాది ఖర్చు వృథా. మింగడం కష్టమైనవారికి ఏడాదికోసారి జోలెడ్రోనిక్ ఆసిడ్ సెలైన్‌లా ఎక్కిస్తారు; మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. ఈ రెండింటికీ ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఇవి ఇవ్వరు.

అసలు జాగ్రత్త డెనోసుమాబ్‌తో. ఆరు నెలలకో సూది. మన పెద్దవాళ్లు ఆరు నెలలు కొడుకు దగ్గర బెంగళూరులో, ఆరు నెలలు కూతురి దగ్గర బరంపురంలో ఉంటారు. సరిగ్గా ఆ మార్పులోనే సూది తప్పిపోతుంది. ఇది మానేస్తే ఎముక వేగంగా కరిగి, వెన్నుపూసలు ఒకటికి రెండు మూడు విరిగే ప్రమాదం ఉంది. గడువుకే వేయించాలి. ఆపాలంటే బదులుగా వేరే మందు డాక్టరే మొదలుపెట్టాలి. చివరి సూది తేదీ తెలుగులో రాసి ఆధార్ కార్డుతో పాటు సంచిలో పెట్టండి.

వెన్నుపూస ఇప్పటికే విరిగినవారికి టెరిపారటైడ్ రాస్తారు. ఇది కొత్త ఎముకను పెంచుతుంది. రోజూ సూది, ఫ్రిజ్‌లో ఉంచాలి, ఖర్చెక్కువ, మామూలుగా రెండేళ్లే. ఆ తర్వాత వేరే మందు వాడకపోతే పెరిగింది పోతుంది.

పన్ను పీకించే ముందు ఈ మందుల సంగతి పళ్ల డాక్టరుకు చెప్పండి. అరుదుగా దవడ ఎముక మానదు. తొడలో కారణం లేని నొప్పి వస్తే ఎక్స్‌రే తీయించండి. అలెండ్రోనేట్ అయిదేళ్లు వాడాక కొనసాగించాలా, కొంతకాలం ఆపాలా అని అడగండి. ఆ ఆపడం డెనోసుమాబ్‌కు వర్తించదు.