పందుంపుల్ల చరిత్ర – మనం మరిచిన రెండు మాటలు



పళ్ళ మాట వస్తే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒకటే అంటారు: "ఆ రోజుల్లో వేపపుల్ల. ముసలితనంలోనూ చెరకు నమిలేవాళ్ళు." పుల్లను మాత్రం మనం గుర్తుపెట్టుకున్నాం. పుల్లతో పాటు చెప్పిన రెండు నియమాలను మాత్రం వదిలేశాం.

తమిళ బడిలో చదివిన మనకు మర్రి, వేలు పంటికి బలం అనే సామెత తెలుసు. అందులో వేలు అంటే వేప అని చాలామంది అనుకుంటాం. వేపకు తమిళంలో వేంబు అని పేరు. వేలం అంటే మన తుమ్మ. మర్రి ఊడ, తుమ్మపుల్ల రెండూ వగరే. సుశ్రుతసంహితలోనూ రుచిని బట్టే పుల్లలను చెప్పారు: చేదులో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారంలో కానుగ మేలు. పుల్ల పన్నెండు అంగుళాల పొడవు, చిటికెన వేలంత లావు ఉండాలన్నారు. ఆ అంగుళం ఇంగ్లీషు ఇంచి కాదు, వేలి వెడల్పు.

ఇక ఆ రెండు నియమాలు. చరకసంహిత సూత్రస్థానం ఐదో అధ్యాయంలో ఉన్నాయి. ఒకటి, రోజుకు రెండు పూటలా తోమాలి. రెండు, చిగుళ్ళకు నొప్పి తగలకుండా తోమాలి. నాలుక గీసుకునే బద్ద కూడా వాడిగా ఉండకూడదని అక్కడే చెప్పారు.

మనం చేసిందేమిటి? పొద్దున ఒక్కపూటతో సరిపెట్టాం. కచిక, బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు వేలితో అద్ది గట్టిగా రుద్దాం. గరుకు పొడి పంటి పైపొరను అరగదీస్తుంది. అరిగిన పొర మళ్ళీ పెరగదు. చల్లనీళ్ళు తాగితే జివ్వుమనేది అందుకే.

తరువాత కొన్న పొడి, పేస్టు వచ్చాయి. 1913లో నంజనగూడులో బి.వి. పండిట్ గారు సద్వైద్యశాల స్థాపించారు. కర్ణాటకలోని మనవాళ్ళకు అక్కడి గులాబీరంగు పళ్ళపొడి బాగా పరిచయం. కోల్గేట్ మన దేశానికి 1937లో వచ్చింది. అంతకుముందు బ్రష్షులకు పందివెంట్రుకలు వాడేవారు. నైలాన్ కుచ్చుల బ్రష్ 1938లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 1948లో ఛార్లెస్ బాస్ అనే అమెరికా వైద్యుడు మెత్తని బ్రష్‌ను చిగురు అంచున 45 డిగ్రీలు వాల్చి, చిన్నగా కదిలిస్తూ తోమమన్నాడు. అంటే చిగురును నొప్పించవద్దన్న పాతమాటే మళ్ళీ వచ్చింది.

ఇంకొక సంగతి. పచ్చని, గోధుమరంగు మరకలున్న పళ్ళన్నీ తోమని పళ్ళు కావు. నెల్లూరు జిల్లాలో నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ళు, ఎముకలు చెడుతున్నాయని షార్ట్ మొదలైన వైద్యులు 1937లోనే ప్రకటించారు. నల్గొండ కథా అదే. ఆ మరక పన్ను లోపలే ఏర్పడుతుంది, రుద్దితే పోదు. సంబంధాలు చూసేటప్పుడు ఆ ప్రాంతపు పిల్లను "పళ్ళు తోమదు" అనడం అన్యాయం.

కాబట్టి మనం ఇంట్లో పాటించాల్సినవి ఇవి. రాత్రి పడుకునే ముందు తప్పక తోమాలి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పళ్ళ సందుల్లో మిగిలిన తీపిని క్రిములు పులియబెడతాయి. మెత్తని బ్రష్ తీసుకుని, రెండు నిమిషాలు, లోపలివైపు కూడా తోమాలి. అడ్డంగా రంపం లాగినట్టు లాగకూడదు. నిమ్మరసమో పులుపో తీసుకున్న వెంటనే కాకుండా అరగంట ఆగి తోమాలి. కుచ్చులు విరబోసుకున్న బ్రష్‌ను మూడు నెలలకు మించి ఉంచకూడదు. ఒకరి బ్రష్ ఇంకొకరు వాడకూడదు. మూడేళ్ళలోపు పిల్లలకు పేస్టు బియ్యపుగింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీగింజంత చాలు. చిగుళ్ళలో రక్తం వస్తే తోమడం మానకండి, పళ్ళ డాక్టరుకు చూపించండి.

వేపపుల్ల వాడేవారు వాడండి, తప్పులేదు. కొన బాగా నమిలి మెత్తగా చేసుకోండి. పుల్లయినా బ్రష్షయినా నియమం ఒకటే: రెండు పూటలా, చిగురు నొప్పించకుండా. మనవళ్ళకు ఈ రాత్రే మొదలుపెట్టించండి.