వేటగత్తె అనే మాట లేని చోట

క్రిస్టియానె రిట్టర్ 1938లో జర్మన్‌లో ప్రచురించిన పుస్తకం పేరులోనే 'స్త్రీ' ఉంది: ధ్రువరాత్రిని అనుభవించిన ఒక స్త్రీ. వాన్నీ వోల్డ్‌స్టాడ్ 1956లో నార్వే భాషలో తెచ్చిన పుస్తకం పేరులోనూ ఉంది: స్వాల్‌బార్డ్‌లో వేటగాడైన మొదటి స్త్రీ. ధ్రువయాత్రల గురించి రాసిన మగవాళ్ళకి తాము మగవాళ్ళమని అట్ట మీద చెప్పుకోవలసిన అవసరం రాలేదు. వోల్డ్‌స్టాడ్‌ది ఇంకో ఇబ్బంది. ఆమె వృత్తికి ఆ భాషలో ఉన్న మాట 'ఫాంగ్స్ట్‌మన్'. మగవాడు ఆ మాటలోనే కూర్చుని ఉన్నాడు.

ఇద్దరూ 1930లలో ఒకే ద్వీపసమూహంలో చలికాలం గడిపారు. నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్‌లో దాదాపు నాలుగు నెలలు సూర్యుడు కనిపించడు. నక్క బొచ్చు దట్టంగా, తెల్లగా మారి ధర పలికేది కూడా చలికాలంలోనే. అందుకే వేటగాళ్ళ పని ఆ చీకట్లోనే సాగేది.

రిట్టర్ ఆస్ట్రియా చిత్రకారిణి. 1934లో కూతుర్ని ఇంటి దగ్గర వదిలి, అక్కడ వేటలో ఉన్న భర్త పిలిస్తే వెళ్ళింది. గ్రోహూకెన్ తీరంలో ఓ చిన్న గుడిసె. భర్త, ఒక నార్వే వేటగాడు, తను. వాళ్ళు వేటకి, ఆమె పొయ్యి దగ్గరికి. ఆ పొయ్యి కక్కే పొగ, మసి సంగతి చదువుతుంటే మొదట నవ్వొచ్చింది. భూమి చివరికంటా వెళ్ళినా ఇంటిచాకిరీ వెంట రాక మానలేదు కదా అనుకున్నాక ఆ నవ్వు పోయింది.

అయితే మగవాళ్ళు వేటకి పోయి రోజుల తరబడి రానప్పుడు మంచుతుపాను మొదలవుతుంది. తలుపుకి అడ్డంపడ్డ మంచుని తనే తవ్వాలి, పొయ్యి ఆరకుండా తనే చూడాలి. నాకు ఈ పుస్తకంలో ముఖ్యమైన మలుపు అదే. ఒంటరిగా ఆ పని చేసి బతికి బయటపడ్డాకే ఆమెకి ఆరుబయలు తనదవుతుంది. చూడటం మొదలుపెడుతుంది. నడక కోసమే నడుస్తుంది.

ధ్రువప్రాంతపు చలికాలంలో పున్నమి రోజుల్లో చంద్రుడు అస్తమించకుండా ఆకాశం చుట్టూ తిరుగుతాడు. ఆ వెన్నెల ఆమెని పట్టేసింది. దాంతో మగవాళ్ళిద్దరికీ భయం పట్టుకుంది, ఆమెని ఒంటరిగా బయటికి పోనివ్వలేదు. చీకట్లో మతి చలించినవాళ్ళ కథలు వేటగాళ్ళకి తెలుసు కాబట్టి ఆ భయం ఉత్తదని నేననను. కానీ అదే వెన్నెల్లో మగవాడు ఒంటరిగా ఉచ్చులు చూసుకుంటూ తిరిగితే దానికి వృత్తి అని పేరు. ఆడమనిషి ఊరికే తిరిగితే పిచ్చి.

వోల్డ్‌స్టాడ్ ట్రోమ్సోలో టాక్సీ నడిపేది. ఇద్దరు కొడుకుల తల్లి. కారెక్కిన వేటగాళ్ళ మాటలు వినీ వినీ, 1932లో ఆండర్స్ సేటెర్‌డాల్ అనే వేటగాడితో కలిసి దక్షిణాన హోర్న్‌సుండ్‌కి వెళ్ళింది. 1937 దాకా ఐదు చలికాలాలు వేటాడింది. తర్వాత్తర్వాత కొడుకులూ వచ్చి చేరారు. ఆమె చంపిన ధ్రువపు ఎలుగుబంట్లు 77 అంటారు. 1973 నుంచి అక్కడ ఎలుగుబంట్లకి చట్టరక్షణ ఉంది, ఆ అంకె ఈరోజు మింగుడుపడదు. అయినా దాన్ని దాచి ఆమెని మెచ్చుకోవడం నాకిష్టం లేదు. వెన్నెల్లోకి వెళ్ళడానికి ఆమె చేతిలో తుపాకీ ఉంది, అమ్ముకోవడానికి తోళ్ళున్నాయి. రిట్టర్ చేతిలో అవి లేవు.

రిట్టర్ 103 ఏళ్ళు బతికి 2000లో చనిపోయింది. రాసిన పుస్తకం ఆ ఒక్కటే.