తొలి మాసాల గర్భస్రావం: చికిత్స చరిత్ర

గర్భం దాల్చిన తొలి మూడు నెలల్లో పిండం ఎదుగుదల ఆగిపోవడాన్ని, లేదా గర్భం దానంతట అదే జారిపోవడాన్ని తొలి మాసాల గర్భస్రావమంటారు. నిర్ధారణ అయిన గర్భాలలో నూటికి 10 నుంచి 20 వరకు ఇలా ముగుస్తాయి. వాటిలో దాదాపు సగానికి పిండపు క్రోమోజోముల సంఖ్యలో దొర్లిన లోపమే మూలం కాబట్టి, బరువెత్తినందుకో ప్రయాణం చేసినందుకో కడుపు పోయిందని స్త్రీని నిందించడం అన్యాయం.

నాలుగో నెల వరకు ద్రవరూపంలో పోయేదాన్ని గర్భస్రావమని, అవయవాలు గట్టిపడ్డాక అయిదారు నెలల్లో జరిగేదాన్ని గర్భపాతమని సుశ్రుత సంహిత వేరుచేసింది. ఆధునిక శస్త్రచికిత్సకు ఆధారమైన క్యూరెట్‌ను, అంటే గర్భాశయపు లోపలి పొరను గీకి తీసే పొడవాటి చెంచా వంటి పరికరాన్ని, 19వ శతాబ్ది నడిమికాలంలో పారిస్ వైద్యుడు జోసెఫ్ రెకామియే ప్రవేశపెట్టాడు. గర్భాశయ ముఖద్వారాన్ని వెడల్పు చేసి క్యూరెట్‌తో శుభ్రపరచే పద్ధతే 'డీ అండ్ సీ'. యాంటీబయాటిక్‌లు లేని ఆ రోజుల్లో, లోపల మిగిలిన మాయ ముక్కల వల్ల రక్తస్రావం ఆగక, చీము పట్టి ప్రాణం పోయే ప్రమాదం ఉండేది గనుక వెంటనే శుభ్రపరచాలన్న వైద్యుల తొందర సహేతుకమే. అయితే పెన్సిలిన్, రక్తమార్పిడి అందుబాటులోకి వచ్చి ఆ ప్రమాదం తగ్గాక కూడా, గర్భం పోయిన వెంటనే శుభ్రపరచాలన్న నియమం దశాబ్దాలపాటు ప్రశ్నకు నోచుకోకుండా నిలిచింది. గీకడం వల్ల గర్భాశయపు గోడలు ఒకదానికొకటి అతుక్కుని, నెలసరి ఆగిపోవడాన్ని, సంతానం కలగకపోవడాన్ని 1948లో జోసెఫ్ అషర్మన్ వివరించాడు.

గర్భాన్ని నిలిపే ప్రయత్నంలో జరిగిన పొరపాటు ఇంతకన్నా ఘోరమైనది. 1938లో తయారైన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ గర్భస్రావాన్ని ఆపుతుందని అమెరికాలో ఆలివ్ స్మిత్, జార్జ్ స్మిత్ దంపతులు గట్టిగా నమ్మి ప్రచారం చేశారు. దానివల్ల ప్రయోజనమేమీ లేదని 1953లోనే షికాగోలో డీక్‌మన్ బృందం తులనాత్మక పరీక్షలో తేల్చినప్పటికీ, వైద్యులు రాయడం మానలేదు. చివరకు 1971లో, ఆ మాత్రలు వాడిన తల్లుల కూతుళ్లలో యోనికి అరుదైన క్యాన్సర్ వస్తోందని హెర్బ్‌స్ట్ బృందం బయటపెట్టాకే, గర్భిణులకు దాన్ని ఇవ్వరాదని అమెరికా ప్రభుత్వం హెచ్చరించింది. తమ గర్భాన్ని కాపాడుతుందని నమ్మి మింగిన మందు మరో తరాన్ని గాయపరిచిందన్న సంగతి ఆ తల్లులకు తెలిసేసరికి షికాగో పరీక్ష వెలువడి 18 ఏళ్లు గడిచిపోయాయి.

1958 ఈ చరిత్రలో రెండు విధాల కీలకమైన సంవత్సరం. గీకడానికి బదులు గొట్టంతో పీల్చి తీసే పద్ధతిని చైనా వైద్యులు ప్రకటించింది అప్పుడే. గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ కడుపులోని గడ్డలను, గర్భాన్ని ధ్వని తరంగాలతో చూపింది కూడా అప్పుడే. పిండానికి గుండె కొట్టుకుంటోందో లేదో స్కానింగ్‌లో తెలియడంతో, రక్తస్రావం మొదలుకాకముందే గర్భం నిలవలేదని చెప్పడం సాధ్యమైంది. వేచి చూడటానికీ, మందుతో ప్రయత్నించడానికీ వ్యవధి దొరికింది.

ఆ మందు మిసోప్రోస్టాల్. కడుపులో పుండ్లకని 1970లలో రూపొందించిన ఈ చవకైన మాత్ర గర్భాశయాన్ని సంకోచింపజేసి, లోపల ఉన్నదాన్ని బయటకు నెడుతుంది. 2005లో అమెరికాలో 652 మంది స్త్రీలపై వెలువడిన పరీక్షలో, 800 మైక్రోగ్రాముల మాత్రలతో, అవసరమైతే రెండో మోతాదుతో, ఎనిమిదో రోజుకు నూటికి 84 మందికి గర్భాశయం ఖాళీ అయింది. పీల్చి తీసిన వారిలో అది 97. మరుసటి ఏడాది వెలువడిన, బ్రిటన్‌లో 1200 మందితో జరిగిన పరీక్షలో వేచి చూసినా, మందు వాడినా, శస్త్రచికిత్స చేసినా ఇన్‌ఫెక్షన్ నూటికి రెండు మూడుకు మించలేదు. శుభ్రం చేయకపోతే చీము పడుతుందన్న పాత భయం ఆ లెక్కతో సడలి, నిర్ణయం క్రమంగా స్త్రీ చేతికి వచ్చింది. మిసోప్రోస్టాల్‌కు ఒక రోజు ముందు 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్ అనే మరో మందు ఇస్తే, ఒక్క మోతాదు మిసోప్రోస్టాల్‌తోనే ఫలితం నూటికి 67 నుంచి 84కు పెరుగుతుందని 2018లో మరో పరీక్ష చూపింది.

గర్భాన్ని హార్మోనుతో నిలపవచ్చా అన్న పాత ప్రశ్నను ఈసారి జాగ్రత్తగా అడిగారు. రక్తం కనిపించిన 4153 మంది గర్భిణులపై బ్రిటన్‌లో జరిగి 2019లో వెలువడిన పరీక్షలో, ప్రొజెస్టెరోన్ వాడినవారిలో నూటికి 75 మందికి, వాడనివారిలో 72 మందికి బిడ్డ దక్కింది. అంత స్వల్పమైన తేడాను ప్రయోజనంగా లెక్కించలేదు. అయితే, అంతకుముందు గర్భస్రావం అయినవారిలో తేడా పెద్దగా కనిపించడంతో, వారికి మాత్రం ఆ మందు ఇవ్వవచ్చని 2021లో బ్రిటన్ మార్గదర్శకాలు సూచించాయి.