ధ్రువుని చలనం

హైదరాబాదులో కాలాపహాడ్ మీద శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయం 1976లో వెలసింది. ప్రక్కనున్న నౌబత్ పహాడ్‌పై బిర్లా నక్షత్రశాల 1985లో ప్రారంభమైంది. తరువాత విజ్ఞాన ప్రదర్శనశాల దానికి తోడైంది. నాటి నుండి స్వామి దర్శనం ముగించుకొన్న కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకొని ఈ రెండవ కొండ కూడా ఎక్కుతున్నాయి.

నక్షత్రశాల గుమ్మటం క్రింద దీపాలు ఆరిన పిదప ఆకాశమంతా తిరుగుతుంది, ఒక్క తార మాత్రం నిలిచి ఉంటుంది. ధ్రువోపాఖ్యానం విన్న బాలునికి ఆ తారను ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. అయితే అదే యంత్రం సహస్రాబ్దాలను క్షణాలలో త్రిప్పి చూపగలదు. అప్పుడు ధ్రువుడూ కదులుతాడు! భూమి అక్షం సుమారు 26,000 ఏండ్లకు ఒక ఆవృత్తి పూర్తిచేస్తుంది. దాదాపు 4,800 ఏండ్ల క్రితం ఉత్తరధ్రువ సమీపాన ఉన్నది థుబన్ అనే వేరొక తార. మరి 12,000 ఏండ్లకు మన అభిజిత్తు ఆ దిక్కుకు చేరుతుంది. నేటి ధ్రువతార సైతం సరిగా ధ్రువబిందువుపై లేదు, ఒక అంశలోపు ఎడంగా ఉంది.

కల్పాంతం వరకు చలించని పదమని పురాణం చెప్పలేదా? ఈ ప్రశ్న ఇంట పుట్టినప్పుడు పెద్దలు సాధారణంగా బాలుని గద్దిస్తారు, లేదా పురాణాన్ని విడిచిపెడతారు. రెండూ తొందరపాటే. మైత్రాయణీయోపనిషత్తులో బృహద్రథ మహారాజు శాకాయన్య మహర్షి ఎదుట జగత్తు అనిత్యత్వాన్ని ఏకరువు పెడుతూ, సముద్రాలు ఇంకడం, పర్వతాలు కూలడంతో పాటు ధ్రువుని చలనాన్నీ పేర్కొన్నాడు. దీనిని అయనచలన గణితమనడం అతిశయోక్తి, అది వైరాగ్యవచనం. అయినా ధ్రువుడు కదలుతాడన్న భావన శ్రుతికి పరాయిది కాదని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు. పదం వేరు, దానిని కొంతకాలం అలంకరించే జ్యోతి వేరు అని అన్వయించుకొంటే పురాణానికీ హాని లేదు.

ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు మరింత సూటిగా మాట్లాడాడు. పూర్వశాస్త్రాలలో దక్షిణాయనం ఆశ్లేషార్ధం నుండి మొదలవుతుందని ఉన్నది, తన కాలంలో కర్కటకాది నుండి మొదలవుతున్నది. ఈ భేదాన్ని ప్రత్యక్షపరీక్షతో తేల్చుకోవాలని బృహత్సంహితలో వ్రాశాడు. పూర్వులను ఆయన అసత్యవాదులనలేదు, తన కన్నులనూ మూసుకోలేదు.

ఆ పరీక్షకు గుమ్మటమే అక్కరలేదు. హైదరాబాదు అక్షాంశం సుమారు 17 అంశలు. ధ్రువుడూ ఉత్తర దిఙ్మండలానికి దాదాపు అంతే ఎత్తున కనిపిస్తాడు. చాచిన చేతి పిడికిలి సుమారు పది అంశలు. దీపకాంతి తక్కువగా ఉన్న మేడపై, ఉత్తరదిశగా రెండు పిడికిళ్లకు కొంచెం దిగువన, పిల్లలే అతనిని వెదకి పట్టుకొంటారు.