ఋణబంధం: బుద్ధవచనం, ఉక్కునగర చరిత్ర

అంగుత్తర నికాయంలోని ఇణ సుత్తంలో బుద్ధ భగవానుడు గృహస్థుని ఋణదుఃఖాన్ని ఆరు మెట్లుగా వివరించాడు. దారిద్ర్యం, అప్పు, వడ్డీ, నిలదీత, వెంటాడటం, చివరకు బంధనం. ఈ క్రమం మగధకే పరిమితం కాదు; మన కార్మిక నగరాల చరిత్ర కూడా ఇదే.

1907లో స్థాపితమైన టాటా ఉక్కు కంపెనీ 1912లో ఉక్కు ఉత్పత్తి ప్రారంభించింది. నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుండి తెలుగువారు సాక్చీ, కాసిడీహ్, కదమా ప్రాంతాలున్న ఈ నగరానికి బ్రతుకుదెరువుకై తరలివచ్చారు. నెల గడిచి బట్వాడా జరిగే వరకు కొత్త కార్మికుడు అరువుతోనే బ్రతకాలి. పొరుగూరిలో పూచీ నిలిచే బంధువులు ఉండరు. కనుక మొదటి మెట్టుకూ రెండవ మెట్టుకూ దూరం స్వల్పం.

దేశంలోని పారిశ్రామిక కార్మికుల స్థితిని 1929 నుండి పరిశీలించిన విట్లీ రాయల్ కమిషన్ 1931లో నివేదిక సమర్పించింది. అధిక కేంద్రాలలో కనీసం మూడింట రెండు వంతుల కుటుంబాలు ఋణగ్రస్తమని, వారిలో అత్యధికుల అప్పు మూడు నెలల జీతాన్ని మించుతుందని అంచనా వేసింది. రూపాయికి నెలకు అణా వడ్డీ సామాన్యం. అంటే ఏడాదికి నూటికి 75. కర్మాగారం వాకిట కాపువేసి అప్పు రాబట్టడం నేరం కావాలని కమిషన్ సూచించింది.

చట్టాలు ఒక్కొక్క మెట్టునూ అడ్డగించాయి. 1934 నాటి బెంగాల్ చట్టం ఆ కాపువేతను నిషేధించింది. 1936లో ఒక చట్టం జీతాల చెల్లింపుకు గడువు విధించగా, మరొకటి నిజాయతీ గల ఋణగ్రస్తుని చెరసాల నుండి కాపాడింది. 1938లో బీహారు వడ్డీవ్యాపారుల చట్టం వచ్చింది. చెల్లించలేకపోవడం వేరు, చెల్లించనని మొండికేయడం వేరని 1980లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ స్పష్టం చేశారు.

అయితే ధర్మం అప్పు ఎగవేతను సమర్థించదు. భిక్షువులను ఎవరూ ఏమీ చేయరాదని బింబిసారుడు శాసించగా, ఒక ఋణగ్రస్తుడు ఆ నీడకు చేరి ప్రవ్రజ్య పొందాడు. ప్రజలు ఆక్షేపించారు. అప్పు ఉన్నవానికి ప్రవ్రజ్య ఇవ్వరాదని తథాగతుడు నియమం చేశాడు. అనాథపిండికునికి బోధించిన నాలుగు గృహస్థ సుఖాలలో అప్పులేని సుఖం, అనణ సుఖం, ఒకటి.

వెంటాడటాన్ని చట్టం ఆపగలదు. అప్పు అవసరాన్ని ఆపలేదు. ఆ పని పరస్పర సహాయానిది: సహకార పొదుపు, వ్రాతపూర్వక పత్రం, ప్రతి చెల్లింపుకూ రశీదు. తీర్చేవాని గౌరవమూ ఇచ్చినవాని హక్కూ రెండూ నిలిచిన చోటే ఋణబంధం నిజంగా తెగుతుంది.